అడుగు తక్కువైన బల్ల

మా ఆయన రెయినోకి ఏదైనా కావాలంటే నోరు తెరిచి అడగడు. అది ఆయన ఒక్కడి జబ్బు కాదు, వాళ్ళ ఇంటి జబ్బు. వాళ్ళ ఫిన్లాండు వాళ్ళలో పళ్ళెంలో ఆఖరి ముక్క ఎవ్వరూ తీసుకోరు. ఒకరు సగం కోసుకుని సగం వదిలేస్తారు. ఆ సగంలో ఇంకొకరు సగం. చివరికి గోరంత తునక మిగిలి పళ్ళెంలోనే ఎండిపోతుంది గానీ, "నాకు కావాలి" అన్న మాట ఒక్కరి నోట్లోంచీ రాదు. పెళ్లయిన కొత్తలో అత్తగారింట్లో ఆ తునకను చూస్తూ చూస్తూ నాకు ఒళ్ళు మండింది. టక్కున తీసి నోట్లో వేసుకున్నాను. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళందరూ నన్ను చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేదు.

మేము స్లొవేనియా వాళ్ళం. మా ఇంట్లో ఆఖరి ముక్క కోసం ఫోర్కులతో కొట్టుకుంటాం. ఇనుప గనుల్లో పని దొరుకుతుందని మా తాతలూ వాళ్ళ తాతలూ ఒకే కాలంలో మిన్నెసోటాలోని ఈ ఎర్రదుమ్ము ఊరికి వచ్చిపడ్డారు. అలా నా ఖర్మ కొద్దీ నాకు నోట్లో నాలుక లేని మొగుడు దొరికాడు. అతనికి నేను దొరికాను. ఎవరి ఖర్మ గొప్పదో మా అక్క బెర్నడీన్‌ని అడిగితే చెబుతుంది. అడక్కపోయినా చెబుతుంది.

ఇక బల్ల సంగతి. మా అమ్మ నాకిచ్చిన వంటింటి బల్ల ఉండేది. దాని మీద తిండి తినేవాళ్ళం, అది వేరే విషయం. ఆ బల్ల అసలు పని పొటీట్సా చెయ్యడం. మా వాళ్ళ పెళ్లిళ్ళలో కేకు లేకపోయినా ఫరవాలేదు, పొటీట్సా లేకపోతే మాత్రం పెళ్లి జరిగినట్టు కాదు. పులిసిన పిండిని బల్ల నిండా పరిచిన గుడ్డ మీద వేసి, ఆడవాళ్ళు చుట్టూ నిలబడి, ఉంగరాలు తీసేసి, చేతుల వెనక వైపుతో నెమ్మదిగా లాగుతూ పోతారు. పిండి కిందనున్న గుడ్డ మీది పువ్వులు పైకి కనిపించేదాకా లాగాలి. అప్పుడు దాని మీద వాల్‌నట్ పొడి, తేనె, వెన్న కలిపిన ముద్ద పూసి, గుడ్డ కొసలు పట్టి ఎత్తుతూ చుట్టగా చుట్టేస్తారు. కాల్చి కోస్తే లోపల చుట్టలు చుట్టలుగా ఉంటుంది. నా పెళ్లికి మా అమ్మ ఆ బల్ల మీదే చేసింది. బెర్నడీన్ పెళ్లికీ అంతే. ఆ తర్వాత మా ఇళ్ళలో జరిగిన ప్రతి పెళ్లికీ నేనే చేశాను.

జూన్ నెలలో రెయినో ఆ బల్ల మీద పడవ మోటారు పెట్టాడు. బాగుచేస్తాడట! గరాజులో చోటు లేదట! నేను చర్చినుంచి వచ్చేసరికి బల్ల నడిమధ్యకి చీలి, మోటారు నేల మీద పడి ఉంది. రెయినో దాని పక్కన బెల్లం కొట్టిన రాయిలా నిలబడి ఉన్నాడు.

"ఆ మోటారు బరువెంతో తెలుసా నీకు?" అన్నాను.

"ఊఁ."

"అది మా అమ్మ బల్లని తెలుసా?"

"ఊఁ."

ఇంకేం పోట్లాడతాను ఆ మనిషితో? గోడతో పోట్లాడితే కనీసం ప్రతిధ్వనైనా వస్తుంది.

సరిగ్గా ఆ వారమే మా అమ్మాయి ఐలా పెళ్లి ఖాయమైంది. అక్టోబరు ఆఖరి శనివారం. నవంబరు పెట్టుకోకూడదు, జింకల వేట మొదలవుతుంది. మా ఊళ్ళో వేట వారంలో పెళ్లి పెడితే పెళ్లికొడుకు కూడా రాడు. ఐలా డులూత్‌లో నర్సు. బల్ల సంగతి తెలిసి ఫోన్ చేసింది.

"అమ్మా, పోనీలే. ఎలాగూ నీ మణికట్లు నొప్పులంటున్నావు కదా. పొటీట్సా బేకరీలో ఆర్డరిచ్చేద్దాం."

నాకు గుండెల్లో రాయి పడింది. బేకరీ పొటీట్సా! ఒక్కగానొక్క కూతురి పెళ్లికి! నా కళ్ళలో నీళ్ళు ఫోన్లో దానికి కనిపించవు కదా అని ధైర్యంగా అన్నాను.

"మీ నాన్న కొత్త బల్ల చేస్తాడు. పెళ్లికి ముందు గురువారం పిండి లాగుతాం. ఆ రోజుకి బల్ల లేకపోతే నీ ఇష్టం వచ్చిన బేకరీకి చెప్పుకో."

"మాటేనా?"

"మాటే."

వంటింట్లోకి వెళ్ళి రెయినోతో చెప్పాను. అతను కాఫీ తాగుతూ కాసేపు గోడ వంక చూశాడు. తర్వాత, "చేస్తాను. కానీ పట్టాలు చాలవు" అన్నాడు.

మా గరాజులో ఓ రంపం మిషను ఉంది. ఇనుప బల్ల, మధ్యలోంచి పైకి లేచే గుండ్రటి రంపపు బ్లేడు. బల్లకి ముందొకటీ వెనకొకటీ ఇనుప పట్టాలు ఉంటాయి. వాటి మీద ఒక అడ్డపట్టీ కుడికీ ఎడమకీ జరుగుతుంది. దాన్ని బ్లేడుకి ఎంత దూరంలో బిగిస్తే చెక్క అంత వెడల్పున తెగుతుంది. ఆ పట్టాలు బ్లేడు నుంచి ముప్ఫై అంగుళాల దాకానే ఉన్నాయి. మా వంటింట్లో పొయ్యికీ గోడకీ మధ్య పట్టే బల్లేమో నలభై అంగుళాల వెడల్పు. అంచేత పట్టాలు కుడివైపుకి ఒక అడుగు జరపాలి, పొడిగించిన మేర కింద ఇంకో చెక్కబల్ల అమర్చాలి అన్నాడు రెయినో. ఎప్పుడో అయిదారేళ్ళ నుంచి ఆ పట్టాల వంక అతను ఎలా చూస్తున్నాడో నాకు తెలుసు. అయినా ఏమీ అనలేదు. బల్ల నాకు కావాలి మరి.

ఆగస్టులో పని మొదలైంది. మొదటి సాయంత్రమే నా కారు గరాజులోంచి బయటికి పోయింది.

"ఎన్నాళ్ళు?" అన్నాను.

"కొన్నాళ్ళు."

అంటే చలికాలమంతా పొద్దున్నే కారు మీది మంచు గీక్కోవాలన్నమాట. లోపలికి వచ్చి ఆకుకూర మీద కత్తి టకటకలాడిస్తూ అతన్ని తిట్టుకున్నాను. కాసేపటికి గరాజు తలుపు తెరుచుకుంది. రెయినో తల లోపలికి పెట్టాడు.

"జస్టీ, కాస్త ఈ కొస పట్టుకుంటావా?"

వెళ్ళి పట్టుకున్నాను. ఏం చెయ్యను? పట్టా ఒక కొసను నేను ఎత్తి పట్టుకుంటే, రెండో కొస దగ్గర అతను గీత గీసి, చిల్లు వేసి, నూనె చుక్క వేసి చిల్లు లోపల మర చుట్లు కోసి, బోల్టు బిగించాడు. మళ్ళీ విప్పాడు. వెంట్రుకవాసి ఎత్తు తేడా ఉందట. మళ్ళీ బిగించాడు. మర్నాడు సాయంత్రం మళ్ళీ తలుపు తెరుచుకుంది. "జస్టీ, కాస్త ఈ కొస పట్టుకుంటావా?"

ముందు పట్టా అయింది, వెనక పట్టా మొదలైంది. పీపాతో చేసిన కట్టెల పొయ్యి గరాజు మూలన వెలిగేది. రేడియోలో పోల్కా పాటలు వచ్చేవి. రెయినో పని చేస్తూ మాట్లాడేవాడు! నేను అబద్ధం చెప్పడం లేదు. ఇంట్లో భోజనాల దగ్గర ఉప్పు కావాలన్నా వేలితో చూపించే మనిషి, గరాజులో బోల్టు బిగిస్తూ వాళ్ళ నాన్న తనకి ఈత నేర్పిన సంగతి చెప్పాడు. గనిలో పెద్ద లారీ తోలేటప్పుడు ఓ ఎలుగుబంటి వెంటపడిన సంగతి చెప్పాడు. రిటైరయ్యాక పొద్దున్నే లేచి ఎటు వెళ్ళాలో తెలియక కారులో కూర్చుని మళ్ళీ దిగి వచ్చేశానని కూడా చెప్పాడు. ఆ మాట నాతో ఎప్పుడూ అనలేదు. నేను పట్టా కొస పట్టుకుని తలాడిస్తూ నిలబడ్డాను. చేతులు లాగుతున్నాయని కూడా అనలేదు, ఎక్కడ మాట ఆపేస్తాడో అని.

గరాజులో అతని రూలు ఒక్కటే. "బ్లేడు తిరుగుతున్నప్పుడు మాట్లాడకూడదు. ఏమొచ్చినా సరే. నేను తల తిప్పితే వేళ్ళు పోతాయి." ఆ రూలు నాలుగైదుసార్లు నాకు చెప్పాడు. నా సంగతి అతనికి తెలుసు కదా.

అలా అక్టోబరు వచ్చేసరికి పట్టాలు పొడుగయ్యాయి. అడ్డపట్టీ నున్నగా చివరిదాకా జారుతోంది. ఒక్కటే తిరకాసు. పట్టా మీద అంగుళాల టేపు అంటించి ఉంటుంది. పట్టా ఒక అడుగు పక్కకి జరిగితే దాంతోపాటు టేపూ జరిగింది. నిజంగా నలభై అంగుళాల దూరం ఉన్నచోట టేపు మీద ఇరవై ఎనిమిది కనిపిస్తుంది. దానికి రెయినో చేసిన ఉపాయమేమిటంటే, గోడ మీద వడ్రంగి పెన్సిలుతో "12 తీసెయ్" అని రాసుకున్నాడు. ఏది కొయ్యాలన్నా ముందు పెదవులు కదుపుతూ పన్నెండు తీసేస్తాడు.

"కొత్త టేపు అంటించుకోరాదూ?" అన్నాను.

"ఊఁ."

"ఏదో ఒక రోజు తీసెయ్యడం మర్చిపోతావు. కొంప మునుగుతుంది."

"మర్చిపోను."

చెవిలో ఇల్లు కట్టుకుని పోరాను. వింటేనా! చివరికి పెళ్లి వారం రానే వచ్చింది. బుధవారం సాయంత్రం రెయినో ఆవిరి స్నానానికి వెళ్ళాడు. వెళ్ళాడంటే గంట దాకా రాడు. నేను హార్డ్‌వేర్ కొట్లో కొన్న కొత్త టేపు పట్టుకుని గరాజులోకి దూరాను. పాతది పీకాను, జిగురు తుడిచాను. అడ్డపట్టీని బ్లేడుకి ఆనించి అక్కడ సున్నా వచ్చేలా కొత్తది తిన్నగా అంటించాను. ఎంత బాగా కుదిరిందో! అదే పసుపు రంగు, అదే వెడల్పు. చూస్తే మార్చినట్టే తెలియదు.

మరి అతనికి చెప్పాను కదా అనుకుంటున్నారు. చెప్పలేదు. ఎందుకు చెప్పలేదంటే ఏం చెప్పను! ఇన్నేళ్ళు ఈ ఫిన్లాండు వాళ్ళ ఇంట్లో కాపురం చేశాక వాళ్ళ జబ్బు నాకూ అంటుకుంది. వాళ్ళలో ఒకరికి మంచి చేస్తే ఆ మాట నోటితో చెప్పుకోరు. పక్కింటివాళ్ళ వాకిట్లో మంచు ఊడ్చేసి, వాళ్ళు లేచేలోపు తప్పుకుంటారు. రెయినో తనే చూసుకుంటాడు, చూసి "ఊఁ" అంటాడు, ఆ ఊఁలో సంతోషం నాకు తెలుస్తుంది అనుకున్నాను.

బల్లకి కావలసిన చెక్క కూడా ఆ బుధవారమే డులూత్ నుంచి దిగింది. ఒకే ఒక్క పెద్ద పలక, నాలుగడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడుగు. నున్నటి బర్చి ప్లైవుడ్. అలాంటిది ఇంకొకటి కావాలంటే మళ్ళీ చెప్పి రెండు వారాలు ఆగాలి.

గురువారం పొద్దున్నే నేను పిండి కలిపి పొయ్యి పక్కన పులవడానికి పెట్టాను. బెర్నడీన్ వచ్చి వాల్‌నట్లు మరలో వేసి తిప్పుతోంది. సెలవు పెట్టి వచ్చిన ఐలా వెన్న కరిగిస్తోంది. అమ్మ బల్ల కాళ్ళు నాలుగూ శుభ్రంగా తుడిచి గోడకి ఆనించి ఉన్నాయి. పలక కోసి, కాళ్ళు బిగిస్తే సరి.

"జస్టీ, కాస్త ఈ కొస పట్టుకుంటావా?"

గరాజులోకి వెళ్ళాను. రెయినో అడ్డపట్టీని జరిపి, వంగి టేపు చూసి, పెదవులు కదిపి, ఇరవై ఎనిమిది దగ్గర బిగించాడు. నేను అప్పటికి బ్లేడు అవతలి వైపుకి వెళ్ళి నిలబడ్డాను. కోసిన చెక్క అటు వస్తుంటే పట్టుకోవడం నా పని. మిషను గుర్రుమంది. పలక నా వైపుకి రావడం మొదలైంది. అప్పుడు చూశాను. అడ్డపట్టీ బ్లేడుకి మరీ దగ్గరగా ఉంది. నోరు తెరిచాను. బ్లేడు తిరుగుతోంది. రెయినో వేళ్ళు చూశాను. నోరు మూసేశాను. ఇన్నేళ్ళ కాపురంలో నేను నోరు మూసుకున్నది ఆ ఒక్కసారే. దానికి దక్కిన ఫలితం చూడండి!

మిషను ఆగింది. నా చేతుల్లో ఒక ముక్క, పక్కన ఇంకో ముక్క. రెయినో జేబులోంచి కొలబద్ద తీసి వెడల్పు కొలిచాడు. ఇరవై ఎనిమిది అంగుళాలు. ఇంకోసారి కొలిచాడు. చెక్క పెరుగుతుందా? పట్టా దగ్గరికెళ్ళి టేపు మీద వేలు పెట్టి చూశాడు. తర్వాత నన్ను చూశాడు.

"ఇది కొత్త టేపు."

"అవును. నేనే మార్చాను. నువ్వు మాటిమాటికీ పన్నెండు తీసేస్తూ అవస్థ పడుతున్నావని…"

"ఇప్పుడు కూడా తీసేశాను."

"ఎందుకు తీసేశావు? కొత్త టేపుకి కూడానా?"

"కొత్తదని నాకెవరు చెప్పారు?"

"నీకు కళ్ళు లేవా? ఇన్నాళ్ళూ చెవులు లేవనుకున్నాను, కళ్ళు కూడా పోయాయా? నలభైకీ ఇరవై ఎనిమిదికీ తేడా కనబడలేదా?"

"నేను అంకె చూశాను."

"అంకె చూశాడట, అంకె! చెక్క చూడొద్దూ! అమ్మ బల్ల మీద మోటారు పెట్టిందీ నువ్వే, ఇప్పుడు ఇదీ నువ్వే…" అన్నాను గానీ, ఈసారి సగం నేనేనని నాకు తెలుసు. అది తెలిసే ఇంకాస్త గట్టిగా అరిచాను. అతను కోసిన అంచు మీద బొటనవేలు పెట్టి రాస్తూ నిలబడ్డాడు. నేను తలుపు ధడేల్మని వేసి వంటింట్లోకి వచ్చేశాను.

గిన్నెలో పిండి పొంగి గుడ్డని పైకి నెడుతోంది. దాన్ని చూసేసరికి ఏడుపు ఆగలేదు. కుర్చీలో కూలబడ్డాను.

"ఏమైందే?" అంది బెర్నడీన్ మర తిప్పడం ఆపి.

"అడుగు తక్కువ కోశాడు. బల్ల లేదు. ఏమీ లేదు."

"వేలు తెగిందేమోనని హడలిపోయాను కదే! చెక్కేనా?"

ఐలా నా పక్కన మోకాళ్ళ మీద కూర్చుని నా మణికట్టు పట్టుకుంది. "అమ్మా, ఏడవకు. నిజంగా నాకేం ఫరవాలేదు. బేకరీవాళ్ళు శుక్రవారం సాయంత్రానికి ఇస్తామన్నారు. ఫోన్ చెయ్యనా?"

అంటే ముందే అడిగి పెట్టుకుందన్నమాట. దాని మొహం చూశాను. నన్ను బాధపెట్టకూడదని ఎంత తంటాలు పడుతోందో పాపం. మాట ఇచ్చాను కదా.

"చెయ్యి" అన్నాను.

అది నంబరు నొక్కింది. అవతల మోగుతోంది. గరాజులోంచి చీపురు చప్పుడు, చెక్క మీద చెక్క జరిగిన చప్పుడు వినిపిస్తున్నాయి. విసిరికొడుతున్నాడేమో అనుకున్నాను. తలుపు తెరుచుకుంది.

"జస్టీ, కాస్త ఈ కొస పట్టుకుంటావా?" అన్నాడు రెయినో.

"ఏ కొస? ఇంకేం మిగిలింది పట్టుకోవడానికి?"

అతను పక్కకి తప్పుకుని తలుపు బార్లా తీశాడు. ముగ్గురం చూశాం. బ్లేడు కిందికి దించేశాడు. మిషను ఇనుప బల్ల, దాని పక్కన పొడిగించిన పట్టాల మధ్య అమర్చిన చెక్కబల్ల, అవతలి చివర చెక్కలు ఆనించే స్టాండ్లు రెండు, అన్నిటినీ ఒకే ఎత్తుకి తెచ్చాడు. వాటి మీద కోసిన ముక్కలు రెండూ పక్కపక్కన పెట్టాడు. వెడల్పుది ఒకటి, సన్నది ఒకటి. మళ్ళీ కలిసి ఒక్క పలకలా ఉన్నాయి. మధ్యలో దారమంత గీత.

"గుడ్డ కింద గీత తెలియదు" అన్నాడు. "ఈ కొస కాస్త ఇటు నొక్కితే అదీ మూసుకుంటుంది."

నేను కదల్లేదు. నాలుగడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడుగు! మా అమ్మకి గానీ, వాళ్ళమ్మకి గానీ అంత బల్ల ఏనాడైనా ఉందా? వంటింట్లో అయితే ఒక పక్క గోడే అడ్డం. ఆ పక్క ఎవరూ నిలబడలేరు, పిండి ఎప్పుడూ అటువైపు మందంగా ఉండిపోయేది. ఇక్కడ నాలుగు వైపులా తిరగొచ్చు. మూలన పొయ్యి రాజుకుని గరాజంతా వెచ్చగా ఉంది. పిండికి ఆ వెచ్చదనమే కావాలి.

"అమ్మా," అంది ఐలా ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని, "ఎత్తారు. హలో హలో అంటున్నారు. ఏం చెప్పను?"

బెర్నడీన్ దాని చేతిలోంచి ఫోన్ లాక్కుంది. "రాంగు నంబరు!" అని పెట్టేసింది.

ఇక చూడాలి హడావిడి. నేను వెళ్ళి రెండో కొస నొక్కాను, గీత మూసుకుంది. బీరువాలో నీలం పువ్వుల కొత్త దుప్పటి ఉంటే తెచ్చి పరిచాం. పిండి జల్లాం. పొంగిన ముద్దని నడిమధ్యన వేశాను. బెర్నడీన్ ఒక పక్క, ఐలా ఒక పక్క, నేనొక పక్క. నాలుగో పక్క ఖాళీ. రెయినో చీపురు పట్టుకుని గోడ దగ్గర, ఎవరైనా పిలిస్తే తప్ప కదలని మనిషిలా నిలబడి ఉన్నాడు.

"రెయినో," అన్నాను, "కాస్త ఈ కొస పట్టుకుంటావా?"

చీపురు పడేసి వచ్చాడు. చేతులు మోచేతుల దాకా కడుక్కున్నాడు. ఉంగరం తీసి చొక్కా జేబులో వేసుకున్నాడు.

"మరిదిగారూ, పిండిని లాగాలి, బోల్టు బిగించినట్టు బిగించకండి" అంది బెర్నడీన్.

"ఊఁ."

ఆ మొద్దు చేతులు పిండి కిందికి ఎంత మెత్తగా దూరాయో! ఎక్కడా చిరగలేదు. ఐలా రెండుచోట్ల చింపింది. నా మణికట్టు లాగుతున్నప్పుడల్లా అది గమనించి, తనే నా వైపుకి వచ్చి లాగింది. "ఇలాగేనా అమ్మా? ఇంకా పల్చగానా?" అని అడుగుతూనే ఉంది. చిన్నప్పుడు ఎన్నిసార్లు పిలిచినా వచ్చేది కాదు. వంటింట్లో తను నిలబడే చోటే ఉండేది కాదు, అది ఇప్పుడు తడుతోంది నాకు. పిండి పలక అంచులదాకా పాకింది. దాని కిందనుంచి నీలం పువ్వులు ఒక్కొక్కటే కనిపించాయి. నాకు కడుపు నిండిపోయింది.

వాల్‌నట్ ముద్ద పూస్తూ బెర్నడీన్ పొడిగించిన పట్టాల వంక చూసింది. మా అక్క కలప అడితిలో ఏళ్ళ తరబడి పనిచేసిన మనిషి. ఊరుకుంటుందా?

"అవునుగానీ మరిదిగారూ, నాకో సందేహం. పలక వెడల్పు నలభై ఎనిమిది. మీక్కావలసింది నలభై. అలాంటప్పుడు అడ్డపట్టీని ఎనిమిది దగ్గర పెట్టి, ఆ పక్క ఎనిమిది అంగుళాల బద్ద కోసి పారేస్తే, మిగిలింది నలభై కాదూ? పాత పట్టాలతోనే అయిపోయేది కదా. ఇంత పొడిగింపు దేనికి?"

నా చేతిలో గరిటె ఆగిపోయింది. మనసులో లెక్క వేశాను. ఎనిమిది తీస్తే నలభై. చిన్నపిల్లలకి తెలిసే లెక్క! ఆగస్టు నుంచి నా కారు బయట ఉంది!

"రెయినో," అన్నాను, "నీకు ఈ సంగతి తెలియదా?"

రెయినో వంగి పిండి అంచు సర్దాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"తెలుసు" అన్నాడు.

బెర్నడీన్ పకపకా నవ్వింది. ఐలా కూడా. నేను ఏదో అనబోయాను గానీ ముద్ద ఎండిపోతుందని, "ముందు చుట్టండి, చుట్టండి!" అని అరిచాను. నలుగురం నాలుగు కొసలు పట్టుకుని దుప్పటి ఎత్తాం. ఎనిమిదడుగుల పొటీట్సా గడగడా దొర్లుకుంటూ చుట్టుకుపోయింది. మా వంశంలో అంత పొడుగుది ఎవరూ చుట్టి ఉండరు. దాన్ని ముక్కలు చేసి కాలిస్తే సాయంత్రానికి ఇల్లంతా తేనె వాసన, వాల్‌నట్ వాసన.

శనివారం పెళ్లి బాగా జరిగింది. హాల్లో పోల్కా బ్యాండు వాయిస్తుంటే మా అల్లుడు అడుగులు రాక బెర్నడీన్ కాలు రెండుసార్లు తొక్కాడు. మినియాపొలిస్ నుంచి వచ్చిన వియ్యపురాలు పొటీట్సా మూడు ముక్కలు తిని, ఏ బేకరీలో కొన్నారని అడిగింది. ఐలా నా వంక ఓసారి చూసి, "మా గరాజులో" అంది. ఆవిడకేమీ అర్థం కాలేదు. ఐలా నన్ను గట్టిగా పట్టుకుంది. అప్పుడు ఏడ్చానంటే ఏడ్చాను, అందులో సిగ్గేముంది.

నాట్యం మొదలయ్యాక నేనూ రెయినో ఓ మూల కూర్చున్నాం. మా మధ్య పళ్ళెంలో పొటీట్సా ఆఖరి ముక్క ఒకటి మిగిలింది. వాళ్ళ చుట్టాలు నలుగురు దాటుకుంటూ పోయారు, ఎవ్వరూ ముట్టుకోలేదు.

"నేనొకటి అడుగుతాను, ఊఁ అనకుండా చెప్పు" అన్నాను. "ఆ పట్టాలు అవసరం లేదని తెలిసి కూడా ఎందుకు పొడిగించావు?"

అతను బ్యాండు వంక చూశాడు.

"పోనీ పొడిగించావు. కొస పట్టుకోవడానికి నేనెందుకు? గోడకి వరసగా క్లాంపులు వేలాడుతున్నాయిగా. ఒకటి బిగిస్తే పట్టా కదలకుండా ఉండదూ?"

"ఉంటుంది."

"మరి?"

రెయినో చెయ్యి చాచి, పళ్ళెంలోని ఆఖరి ముక్క తీశాడు. సగం కొయ్యలేదు. మొత్తం నోట్లో పెట్టుకున్నాడు. అవతలి బల్ల దగ్గర వాళ్ళ చెల్లెలు నోరు తెరిచి చూస్తూ ఉండిపోయింది.

"నువ్వు వస్తావని" అన్నాడు నములుతూ. "క్లాంపుతో మాట్లాడలేను కదా."

నా మొహం ఎలా ఉందో నాకు తెలియదు. అతని గడ్డం మీద వాల్‌నట్ పొడి అంటుకుంటే తుడిచాను.

"సోమవారం నుంచి మిషను వెనక వైపు కూడా బల్ల పొడిగిద్దామనుకుంటున్నాను" అన్నాడు.

"నా కారు సంగతేమిటి?"

"ఊఁ."

సోమవారం పొద్దున్న మంచు పడింది. నేను కారు అద్దం గీక్కుంటూ అతన్ని తిట్టాల్సినవన్నీ తిట్టాను. ఆ పని అయ్యాక, ఎవరూ పిలవకముందే గరాజులోకి వెళ్ళాను.